పీణ్యాలో ఓ డైనో షాపు, ఆక్టేవియా ఆర్‌ఎస్‌కు స్టేజ్ 1: సర్వీసు రివ్యూ

బెంగళూరులో ట్యూనింగ్ షాపులోకి అడుగు పెడితే ముందు గోడ మీద ఫ్రేము కట్టిన పవరు గ్రాఫులు పలకరిస్తాయి. 300, 340, 400 అంటూ. పీణ్యా పారిశ్రామికవాడలో, తుమకూరు రోడ్డు నుంచి లోపలికి వెళ్తే వచ్చే ఈ షాపులో గోడ ఖాళీ. డైనో, అంటే కారు చక్రాలను రోలర్ల మీద తిప్పి పవరు కొలిచే యంత్రం, దాని పక్కన స్తంభానికి ఒక చిన్న మీటరు మాత్రం వేలాడుతోంది: ఉష్ణోగ్రత, తేమ, గాలి పీడనం చూపిస్తుంది. ఈ రివ్యూలో ఎక్కువ మార్కులు ఆ మీటరుకే.

షాపు పేరు రాయడం లేదు. ఈ పనిలో బోర్డు మీద పేరు కంటే ఆ రోజు ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న మనిషే ముఖ్యం, ఆ మనిషి మారితే రాసిందంతా పాతబడుతుంది. పైగా కింద కొన్ని ఫిర్యాదులు కూడా ఉన్నాయి. ఇందులో చెప్పినవి పట్టుకుని ఏ డైనో షాపుకైనా వెళ్లి సరిచూసుకోవచ్చు.

కారు 2017 స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 230. రెండు లీటర్ల ఈఏ888 మూడో తరం ఇంజిను, ఐఎస్20 టర్బో (ఇంజినులోకి గాలిని నొక్కి పంపేది), ఆరు గేర్ల డీక్యూ250 తడి క్లచ్ డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్, ముందు చక్రాల డ్రైవ్. కంపెనీ లెక్క 230 పీఎస్ పవరు, 350 ఎన్‌ఎం టార్క్. హార్డ్‌వేరు అంతా కంపెనీదే. కొత్త ప్లగ్గులు, కొత్త ఎయిర్ ఫిల్టరు వేశారు, అంతే. పని: ముందు ఉన్నదున్నట్టు బేస్ రన్, తర్వాత స్టేజ్ 1 మ్యాపు (హార్డ్‌వేరు మార్చకుండా ఇంజిను కంప్యూటరు, అంటే ఈసీయూ, లెక్కలు మార్చే ఫైలు), డైనో మీదే సవరణ, చివరి రన్.

రోలర్ ఎక్కించే ముందు

స్లాట్ ఇచ్చినప్పుడే వాట్సాప్‌లో జాబితా పంపారు. ట్యాంకు సగానికి పైగా ఉండాలి. ట్యూన్ తర్వాత రోజూ ఏ పెట్రోలు పోసుకుంటారో ఇప్పుడూ అదే ఉండాలి. ఆయిలు మార్చి 5,000 కి.మీ. దాటకూడదు. 60,000 కి.మీ.కు మార్చాల్సిన డీఎస్‌జీ ఆయిలు మార్చారా లేదా బిల్లు చూపించాలి. టైర్లకు ప్యాచ్‌లు ఉంటే ముందే చెప్పాలి. ఈ చివరి రెండూ అడిగే షాపులు అరుదు.

వచ్చాక ముప్పావు గంట చూడటానికే పట్టింది. ఈ ఇంజిన్లలో వాటర్ పంపు, థర్మోస్టాట్ కలిసి ఉండే ప్లాస్టిక్ హౌసింగ్ కారడం పాత జబ్బు. టార్చి వేసి దాని కింద గులాబీ రంగు మరకలు ఉన్నాయా అని వెతికారు. టర్బో నుంచి వచ్చే పైపుల క్లాంపులు చేత్తో తిప్పి చూశారు. కంపెనీ బూస్ట్‌కి (టర్బో నొక్కే గాలి పీడనానికి) పట్టి ఉన్న పాత హోసు స్టేజ్ 1 బూస్ట్‌కి ఊడి వస్తుంది. అది రోలర్ మీద ఊడితే ఒక రన్ పోతుంది, హోస్కోట ఫ్లైఓవర్ మీద ఊడితే టోయింగ్ బండే గతి.

టైర్ల మీద మాత్రం వాళ్ల శ్రద్ధకు కాస్త నవ్వొచ్చింది, తర్వాత అర్థమయింది. నాలుగో గేరులో 6,300 ఆర్‌పీఎం అంటే ఈ కారు చక్రం గంటకు 170 కి.మీ. చుట్టుపక్కల తిరుగుతుంది. ట్రెడ్ సందులో ఇరుక్కున్న చిన్న కంకర రాయి ఊడితే అదే వేగంతో వెనక్కి వస్తుంది. స్క్రూడ్రైవరుతో ముందు టైర్లు రెండూ శుభ్రం చేసి, పక్క గోడ మీద డాట్ కోడు చివరి నాలుగంకెలు చదివారు. 3519 అని ఉంటే 2019లో 35వ వారం తయారీ. ఆరేళ్లు దాటినవి, రీట్రెడ్ చేసినవి, పక్క గోడ ఉబ్బినవి ఎక్కించరు. స్పీడ్ రేటింగ్ కూడా చూస్తారు: హెచ్ అంటే 210, వి అంటే 240 కి.మీ. వరకు. సెడాన్లకు చవగ్గా వేసే టి రేటింగ్ టైరు 190 దగ్గర ఆగిపోతుంది, పవర్‌ఫుల్ కారు రోలర్ మీద ఆ హద్దుకు దగ్గరగా తిరగడం మంచిది కాదు.

స్ట్రాప్‌లు

ఈ షాపులో దగ్గరగా నిలబడి చూడాల్సిన పని ఏదైనా ఉందంటే ఇదే. ముందు చక్రాల డ్రైవ్ కారు రోలర్ మీద కుదురుగా ఉండదు. స్టీరింగ్ తిరిగే చక్రాలే తోస్తున్నాయి కాబట్టి థ్రాటిల్ తొక్కగానే ముక్కు ఒక పక్కకు పాకుతుంది. అందుకే ముందు రెండు స్ట్రాప్‌లు నేరుగా కాక కత్తెర ఆకారంలో, కుడి కొక్కెం నుంచి ఎడమ నేల రింగుకు, ఎడమ కొక్కెం నుంచి కుడి రింగుకు వేశారు. వెనక రెండు. వెనక చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు, హ్యాండ్ బ్రేకు.

స్ట్రాప్‌లు 50 మిల్లీమీటర్ల పాలియెస్టర్ పట్టీలు, మీద నీలి లేబుల్ మీద భారం రాసి ఉంది. ఆపరేటర్ ఒక్కోటీ బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి చివరి దాకా జారవిడిచాడు. ఒకదాని అంచున రెండు అంగుళాల మేర దారాలు లేచి ఉన్నాయి. దాన్ని మడిచి పక్కన పడేసి కొత్తది తీశాడు. కొక్కెం టో పాయింటుకే, సస్పెన్షన్ ఆర్మ్‌కి కాదు. ఆర్మ్‌కి వేస్తే కారు కిందకు నొక్కుకునే కొద్దీ స్ట్రాప్ వదులవుతుంది, చక్రాల కోణం కూడా మారుతుంది. రాట్చెట్ బిగించి, బానెట్ మీద రెండు చేతులూ పెట్టి కారును ఊపి, మళ్లీ ఒక పన్ను బిగించాడు. తర్వాత గంటకు 40 కి.మీ. దగ్గర నెమ్మదిగా తిప్పి, ఆపి, దిగి, మళ్లీ బిగించాడు. పట్టీ మొదటిసారి సర్దుకునేటప్పుడు కొంచెం వదులవుతుంది, ఈ రెండో బిగింపు చాలాచోట్ల ఉండదు.

మరీ ఎక్కువ బిగించినా తప్పే. టైరు రోలర్ మీద నలిగి, తిరగడానికే పవరు తింటుంది, వేడెక్కుతుంది, అంకె తగ్గుతుంది. కాబట్టి బేస్ రన్‌కీ చివరి రన్‌కీ మధ్య కారును రోలర్ మీద నుంచి దించితే ఆ రెండు గ్రాఫులు పోల్చడం కుదరదు. 'పొద్దున బేస్ తీసి సాయంత్రం మళ్లీ ఎక్కిద్దాం' అనే షాపుతో జాగ్రత్త. ఇక్కడ మొత్తం పని ఒకే బిగింపు మీద అయింది.

రన్ మొదలయ్యే ముందు ఫోటో తీసుకుందామని ఒకరు రోలర్ వెనక్కి వెళ్లబోతే ఆపరేటర్ అరిచిన అరుపు: 'అన్నా, ఆడ నిలబడొద్దు, ఈ గీత ఇవతలికి రా!' నేల మీద పసుపు గీత. రోలర్లకు నేరుగా ముందూ వెనకా ఎవరూ ఉండరు, టైరు పక్కన కూడా. స్ట్రాప్ తెగితే కొరడాలా కొడుతుంది.

గాలి

రోడ్డు మీద 100 కి.మీ. వేగంతో వెళ్లే కారుకు సెకనుకు సుమారు 27.8 మీటర్ల గాలి వీస్తుంది. ముందు భాగంలో ఒక చదరపు మీటరు లెక్కేసినా గంటకు లక్ష ఘనపు మీటర్లు. షాపులో పెట్టే ఫ్యాను ఎంత పెద్దదైనా దీనికి దగ్గరకు రాదు. కాబట్టి డైనో మీద ఇంజిను ఎప్పుడూ రోడ్డు కంటే వేడిగానే నడుస్తుంది. ప్రశ్న ఎంత వేడి, దాన్ని ఎలా సర్దుతున్నారు అన్నదే.

ఈ కారుకు ఇంటర్‌కూలరు (టర్బో నొక్కిన గాలిని చల్లబరిచేది) ముందు బంపరు వెనకే, గాలితో చల్లబడేది. ఫ్యాను కచ్చితంగా దాని ఎత్తుకు గురిపెట్టాలి. ఇక్కడ ఫ్యాను స్టాండు ఎత్తు మార్చుకునే రకం, బంపరు కింది గ్రిల్లుకు సూటిగా పెట్టారు. అదే ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ 1.5, పోలో 1.0 టీఎస్‌ఐ లాంటి కార్లైతే ఇంటర్‌కూలరు ఇంజిను దగ్గరే ఉంటుంది, నీళ్లతో చల్లబడుతుంది. వాటికి ముందున్న చిన్న రేడియేటరుకు గాలి పడాలి, నీళ్లు మళ్లీ చల్లబడటానికి ఇంకాస్త సమయం ఇవ్వాలి. ఈ తేడా తెలిసి ఫ్యాను కదిపే షాపా, ఏ కారొచ్చినా ఒకేచోట ఉంచే షాపా అన్నది మీరే చూసుకోవచ్చు.

ప్రతి రన్ తర్వాత నాలుగు నుంచి ఐదు నిమిషాలు ఫ్యాను ఆపకుండా, ఇంజిను ఐడిల్‌లో ఉంచారు. తర్వాతి రన్ ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత గది కంటే పది డిగ్రీలకు మించని చోట మొదలైంది. గడియారం చూసి కాదు, ల్యాప్‌టాప్‌లో ఆ అంకె చూసి. చాలాచోట్ల వెంటవెంటనే మూడు రన్‌లు లాగి చివరిది చూపిస్తారు. ఇన్‌టేక్ గాలి 50 డిగ్రీలు దాటుతుంటే ఈసీయూ టైమింగ్ (స్పార్క్ వేసే క్షణం) వెనక్కి లాగుతుంది, మూడో రన్ మొదటి దానికంటే తక్కువ వస్తుంది, ట్యూనరు దానికి మందుగా బూస్ట్ పెంచుతాడు. చల్లగా ఉన్న రోజు ఆ బూస్టే ఎక్కువై కూర్చుంటుంది.

బెంగళూరు అంకె, మద్రాసు అంకె

ఈ రివ్యూ చదివే వాళ్లు ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే చాలు అనుకుంటే, అది ఇదే. బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తులో ఉంది. ఆ రోజు షాపు మీటరు చూపింది 28 డిగ్రీలు, 912 మిల్లీబార్లు, 50 శాతం తేమ. ఎస్‌ఏఈ జె1349 అనే ప్రమాణం ప్రకారం డైనో సాఫ్ట్‌వేరు కొలిచిన పవరును 25 డిగ్రీలు, పొడి గాలి 990 మిల్లీబార్లు ఉన్నట్టుగా లెక్క మారుస్తుంది. గాలిలో నీటి ఆవిరి వాటా తీసేస్తే ఆ రోజు పొడి గాలి పీడనం 893. సూత్రంలో వేస్తే గుణకం 1.13. అంటే కొలిచిన ప్రతి 100కి స్క్రీను 113 చూపిస్తుంది.

టర్బో లేని ఇంజినుకు ఇది న్యాయమే. హోండా సిటీ 1.5కు బెంగళూరులో నిజంగానే గాలి తక్కువ, సముద్ర తీరానికి దించితే ఆ పవరు తిరిగొస్తుంది. టర్బో కారు వేరు. ఈసీయూ ఇంత గాలి కావాలని అడిగితే టర్బో ఇంకాస్త కష్టపడి ఆ గాలి తెచ్చిపెడుతుంది, ఎత్తు వల్ల వచ్చిన లోటు చాలా వరకు పూడిపోతుంది. పూడిన లోటుకు మళ్లీ 13 శాతం కలిపితే అది ఇంజినులో లేని పవరు. అదే కారును అదే డైనోతో చెన్నైలో కొలిస్తే, 32 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్న రోజు గుణకం 1.03 దాకానే వస్తుంది. బెంగళూరు టర్బో గ్రాఫులు మద్రాసు గ్రాఫుల కంటే లావుగా కనిపించడానికి కారణం ట్యూనరు ప్రతిభ కాదు.

ఈ షాపు రెండు కాగితాలు ఇచ్చింది: ఒకటి గుణకంతో, ఒకటి గుణకం లేకుండా, గుణకం ఎంతో కింద రాసి. చక్రాల దగ్గర, గుణకం లేకుండా బేస్ రన్‌లు మూడు: 196, 194, 195 పీఎస్. మూడూ సగటుకు ఒక శాతం లోపు. డైనో నమ్మదగ్గదని చెప్పడానికి ఇదే సాక్ష్యం, పెద్ద అంకె కాదు. చివరి రన్ 241. గుణకంతో వేస్తే 222, 273. గోడ మీద పెట్టుకోవాలనుకునే వాళ్లు ఏది పెడతారో చెప్పక్కర్లేదు.

చక్రాల అంకెను ఇంజిను అంకెగా మార్చడానికి '15 శాతం కలపండి' అనే సూత్రం ఎవరైనా చెబితే చిరునవ్వు నవ్వి ఊరుకోండి. గేర్‌బాక్స్, టైరు, ఆయిలు వేడి, స్ట్రాప్ బిగింపు అన్నీ ఆ నష్టాన్ని మారుస్తాయి. కొన్ని డైనోలు రన్ అయ్యాక చక్రాలను న్యూట్రల్‌లో తిరగనిచ్చి ఆ నష్టాన్ని కొలుస్తాయి, అది కాస్త మెరుగు. ఇంకో చిన్న పరీక్ష మీరే చేయొచ్చు: గ్రాఫులో ఏ ఆర్‌పీఎం దగ్గరైనా టార్క్‌ను ఎన్‌ఎంలో తీసుకుని ఆర్‌పీఎంతో గుణించి 7,024తో భాగించండి. అక్కడి పీఎస్ రావాలి. రాలేదంటే టార్క్ గీత చక్రాలదీ పవరు గీత ఇంజినుదీ కలిపి గీశారన్నమాట.

మ్యాపు

ఫైలు బయటి నుంచి తెప్పించిందే, అందులో దాపరికం లేదు. యూరప్‌లో సముద్ర మట్టానికి దగ్గరగా రాసిన మ్యాపును బెంగళూరులో ఉన్నదున్నట్టు వేస్తే ఏమవుతుందో లెక్క చూడండి. మానిఫోల్డ్‌లో మొత్తం 2.2 బార్ పీడనం కావాలంటే సముద్ర తీరంలో టర్బో లోపలికి వచ్చే గాలిని 2.17 రెట్లు నొక్కాలి. ఇక్కడ 2.41 రెట్లు. టర్బో చక్రం ఇంకా వేగంగా తిరగాలి, గాలి ఇంకా వేడెక్కుతుంది. అందుకే ఫైలు ఎక్కించి డబ్బు తీసుకుని పంపేసే చోటికీ, డైనో మీద కూర్చోబెట్టి సవరించే చోటికీ తేడా.

మొదటి ఫైలుతో 232 వచ్చింది. గ్రాఫు బాగుంది, లాగ్ (రన్‌లో ఈసీయూ నుంచి రికార్డు చేసిన అంకెలు) బాగాలేదు. ఆపరేటర్ ఒక్కో సిలిండరుకు ఈసీయూ ఎంత టైమింగ్ వెనక్కి లాగుతోందో చూపించాడు: 4,200 ఆర్‌పీఎం దగ్గర మూడో సిలిండరులో మైనస్ 4.5 డిగ్రీలు, మిగతా మూడింటిలో మైనస్ 1.5. ఇది నాక్‌కు, అంటే మిశ్రమం స్పార్క్‌తో కాక తనంతట తాను పేలడానికి, గుర్తు. నాక్ సాధారణంగా టార్క్ కొండ ఎక్కే మధ్య ఆర్‌పీఎంలోనే ముందు దొరుకుతుంది. అక్కడ సిలిండరులో ఒత్తిడి ఎక్కువ, పిస్టన్ నెమ్మది, మిశ్రమం తనంతట తాను అంటుకోవడానికి సమయం దొరుకుతుంది. గరిష్ఠ పవరు వచ్చే 6,000 దగ్గర చూసి 'నాక్ లేదు' అంటే నమ్మకండి.

ఇక్కడ రెండు దారులు. ఈసీయూ ఎలాగూ సర్దుకుంటుందని వదిలేయడం ఒకటి, చాలా మంది చేసేది అదే. ఇక్కడ 3,800 నుంచి 4,600 మధ్య టైమింగ్ రెండు డిగ్రీలు తగ్గించి, బూస్ట్ ఎక్కే వాలును కొంచెం మెత్తగా చేశారు. ఈసీయూ పదేపదే వెనక్కి లాగాల్సిన అవసరం పోయింది, మూడో సిలిండరు మైనస్ 1.5కి వచ్చింది. మధ్యలో నాలుగైదు ఎన్‌ఎం తగ్గింది. వెనక్కి లాగడం తగ్గింది కాబట్టి పై ఆర్‌పీఎంలో పవరు పెరిగింది, 241 అలా వచ్చింది. టార్క్‌ను ఈసీయూ లెక్కలో 400 ఎన్‌ఎం దగ్గర కట్టేశారు. డీక్యూ250కి కంపెనీ పెట్టిన హద్దు 350 దగ్గర, అంతకు పైన క్లచ్ పీడనం పెంచే గేర్‌బాక్స్ సాఫ్ట్‌వేరు కూడా వేయాలి. అది వేశారు, విడిగా బిల్లు చేశారు, ముందే చెప్పారు కూడా. అది లేకుండా 400 ఇస్తే క్లచ్ జారుతుంది. డైనోలో ఆర్‌పీఎం గీత వేగం గీత కంటే ముందుకు దూకడం చూస్తే తెలిసిపోతుంది.

లాగ్‌లో చూడాల్సిన ఇంకో అంకె ఇంధన రైల్ పీడనం. ఈ ఇంజినులో 200 బార్ అడుగుతుంది. చివరి రన్‌లో 5,800 దగ్గర 188కి దిగింది. ప్రమాదం కాదు కానీ పంపు తన చివరి బలం వాడుతోందన్న గుర్తు. ఇప్పుడు బంకుల్లో దొరికే ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలుకు ఇది ఇంకా ముఖ్యం. మామూలు పెట్రోలుకు గాలి, ఇంధన నిష్పత్తి (ఏఎఫ్‌ఆర్) 14.7 అయితే ఈ20కి 13.5 చుట్టూ ఉంటుంది. అంటే అదే గాలికి ఎనిమిది తొమ్మిది శాతం ఎక్కువ ఇంధనం తోడాలి. 'ఏఎఫ్‌ఆర్ 12.3 పెట్టాం' అని చెప్పే ట్యూనరును ఏ పెట్రోలు లెక్కలో అని అడగండి. ఇక్కడ లాంబ్డాలో, అంటే ఏ ఇంధనానికైనా దాని సరైన నిష్పత్తిని 1గా తీసుకునే కొలతలో, మాట్లాడారు: ఫుల్ థ్రాటిల్‌లో 0.84. ఇంధనం ఏదైనా ఆ మాట మారదు.

డీఎస్‌జీ విషయంలో ఒక చిన్న తెలివి: మాన్యువల్‌లో నాలుగో గేరు పెట్టి పెడల్‌ను చివరి టక్ మనే చోటుకు ముందే ఆపారు. ఆ టక్ దాటితే కిక్‌డౌన్, గేరు దిగిపోతుంది, రన్ చెడుతుంది. కొత్తవాళ్లు చేసే తప్పుల్లో మొదటిది.

బాగాలేనివి

పొగ. షాపులో పొగ లాగే గొట్టం ఒకటే. ఆర్‌ఎస్‌కు రెండు సైలెన్సరు మూతులు, రెండు పక్కలా. ఎడమ దానికి గొట్టం, కుడి దాని పొగ గదిలోకి. షట్టరు ఎత్తి ఉంది, ఫ్యాను తిరుగుతోంది, అయినా ఎనిమిది రన్‌లు అయ్యేసరికి కళ్లు మండాయి. కళ్లు మండించేది కార్బన్ మోనాక్సైడ్ కాదు, అసలు సమస్యే అది. దానికి రంగు లేదు, వాసన లేదు, ముందు తలనొప్పి వస్తుంది, అంతే. ఫుల్ థ్రాటిల్‌లో మిశ్రమం రిచ్‌గా, ఇంధనం ఎక్కువగా ఉన్నప్పుడే అది ఎక్కువగా పుడుతుంది. సీఓ అలారం ఉంది, అది ఆపరేటర్ బల్ల మీద ఉంది, కస్టమర్లు కూర్చునే సోఫా కారు వెనక మూల ఉంది. రెండో గొట్టం వేయించే దాకా ఈ షాపులో సోఫాలో కాక బయట వేపచెట్టు కింద కూర్చోవడం మేలు.

మంటలార్పే సిలిండర్లు రెండూ ఉన్నాయి, సీఓ2 ఒకటి, ఏబీసీ పొడి ఒకటి. పొడి సిలిండరు గేజి పచ్చ రంగులో ఉంది. కానీ పొడి సిలిండరు ముందు నాలుగు పాత టైర్లు పేర్చి ఉన్నాయి. చెబితే వెంటనే జరిపారు. చెప్పేదాకా ఎందుకు ఆగాలి అన్నదే ఫిర్యాదు. చెవి మఫ్లు ఒకే జత, ఆపరేటర్ చెవులకే. మీ చెవులకు మీరే ఫోమ్ ప్లగ్గులు తీసుకెళ్లండి, మందుల షాపుల్లో దొరుకుతాయి.

ఇంకొకటి కాగితం గురించి. ఇచ్చిన ప్రింటులో స్మూతింగ్ 5, అంటే ఎక్కువకు ఎక్కువ. గీత పట్టు చీర అంచులా నున్నగా వచ్చింది, నాక్ దగ్గర పడే చిన్న గుంటలు కూడా అందులో చెరిగిపోతాయి. అడిగితే స్మూతింగ్ లేకుండా మళ్లీ ముద్రించారు. అడగాలి, అంతే.

ఇక వీళ్ల డైనో రెండు చక్రాలదే. ఎక్స్‌డ్రైవ్, క్వాట్రో, హాల్డెక్స్ లాంటి నాలుగు చక్రాల డ్రైవ్ కార్లు తీసుకోరు. ముందు చక్రాలు నిలిచి వెనకవి తిరిగితే మధ్యలో క్లచ్ మాడుతుందని ఫోన్లోనే చెప్పేస్తారు. చెన్నై ప్లాంటులో తయారైన బీఎండబ్ల్యూ ఎం340ఐ ఉన్నవాళ్లకు రెండు ఇరుసుల రోలర్లు ఒకదానితో ఒకటి కలిపి తిరిగే డైనోనే దారి. ఇరుసులకు పవరు మోసే కార్డాన్ షాఫ్ట్ విప్పి రెండు చక్రాల మీద ఎక్కిద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

తిరిగి వచ్చేటప్పుడు

అసలు ఫైలు బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారు, ఎనిమిది రన్‌ల లాగ్‌లు కూడా అందులోనే. కంపెనీ వారంటీ ఇంకా ఉన్న ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు కార్లకు ఇంకో మాట: మ్యాపు తీసేసి అసలుది పెట్టినా సర్వీసు సెంటర్ స్కాన్‌లో టీడీ1 (ఈసీయూను మార్చారనే) గుర్తు పడొచ్చు, ఇంజిను వారంటీ దాంతో పోవచ్చు. వాహనంలో మార్పుల గురించి చెప్పే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పడం అనే సంగతులు ఈ షాపు తనంతట తాను ఎత్తలేదు, మీరే చూసుకోవాలి. పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేస్తే ఇంకా ఎక్కువ పవరు వస్తుందని మాత్రం ఎక్కడా అనలేదు. ఆ మాట వినపడితే లేచి వచ్చేయడం మంచిది.

స్లాట్ పొద్దున తొమ్మిదిన్నరదే తీసుకోండి. మధ్యాహ్నం పీణ్యా రేకుల షెడ్డు వేడికి రన్‌ల మధ్య ఆగాల్సిన సమయం రెట్టింపవుతుంది, సాయంత్రం గొరగుంటెపాళ్య ట్రాఫిక్ దాటడం ఎలాగూ తెలిసిందే.

అనంతపురం, కర్నూలు వైపు తరచూ వెళ్లేవాళ్లకు వీళ్లు చెప్పిన ఏర్పాటు ఒకటి ఉంది. బెంగళూరు 28 డిగ్రీల్లో చక్కగా ఉన్న టైమింగ్, మేలో నంద్యాల దారిలో 43 డిగ్రీల గాలికి తట్టుకోకపోవచ్చు. అందుకే ఎండాకాలంలో ఒకసారి, మామూలు డ్రైవింగ్‌లోనే, స్పీడు లిమిటు దాటకుండా, రెండో మూడో గేరులో ఎత్తు ఎక్కేటప్పుడు ఓబీడీ రీడరుతో (కారు కంప్యూటరు అంకెలు చదివే పరికరంతో) ఇన్‌టేక్ ఉష్ణోగ్రత, నాలుగు సిలిండర్ల టైమింగ్ వెనక్కి లాగుడు రికార్డు చేసి పంపమన్నారు. ఆ లాగ్ చూసి మ్యాపు సవరించడానికి మళ్లీ డబ్బు తీసుకోబోమని బిల్లు మీదే చేత్తో రాసి సంతకం పెట్టారు.